ఫీడ్‌లో కనిపించిన మొదటి రెండు లైన్లు

నేను ఏడో తరగతిలో ఉండగానే ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. నావి కావు, ఊరివి. ఇటిక్యాల దగ్గరి మా ఊళ్ళో పంటలు అయిపోగానే సగం ఇళ్ళకు తాళాలు పడేవి. మనుషులు మేస్త్రీ వెంట పూనాకో, సూరత్‌కో కట్టుబడి పనులకు వెళ్ళిపోయేవాళ్ళు. ఊళ్ళో మిగిలినవాళ్ళు ఇన్‌లాండ్ కవరు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవాళ్ళు. మా వాడలో చదువుకునే ఆడపిల్లను నేనొక్కదాన్నే. వాళ్ళు చెప్పేవాళ్ళు, నేను రాసేదాన్ని.

ప్రతి ఉత్తరమూ ఒకేలా మొదలయ్యేది. "మల్దకల్ తిమ్మప్ప దయవల్ల ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాం." తిమ్మప్ప మా వైపు దేవుడు. బిడ్డ పుట్టిన సంగతైనా, ఎద్దు చచ్చిపోయిన సంగతైనా ఆయన పేరు తర్వాతే. ఒకసారి ఒక ముసలామె చనిపోయిన వార్త రాయాల్సి వచ్చింది. అప్పుడు కూడా ముందు అందరం క్షేమమనే రాయించారు. అబద్ధం కదా అని నేను పెన్ను ఆపితే, ఆమె కొడుకు కండువాతో కళ్ళు తుడుచుకుంటూ, "ముందు తిమ్మప్పను తలువనియ్యి, ఎనుక ఏడ్వొచ్చు" అన్నాడు. ఇక ఎన్నడూ వాదించలేదు.

తర్వాత ఫోన్లు వచ్చాయి. మా ఊళ్ళో ఒక కిరాణా కొట్టు వాళ్ళు ఫోను పెట్టారు. పూనా నుంచి ఫోను వస్తే కొట్టు ఆయన, "పది నిమిషాలాగి మళ్ళ చెయ్యి, పిలిపిస్త" అని చెప్పి మనిషిని పంపేవాడు. ఉత్తరాలు ఆగిపోయాయి. నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మొదట నాగర్‌కర్నూల్‌లో చేశాను, అక్కణ్ణుంచి వనపర్తికి బదిలీ అయ్యాను. కానీ ఆదివారం వస్తే చేతికి ఏదో తక్కువైనట్టు ఉండేది.

రెండువేల ఏడు, ఎనిమిది ఆ ప్రాంతంలో వనపర్తిలో పాలిటెక్నిక్ వైపు పోయే దారిలో ఒక భాయ్ ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాడు. యాభై ఏళ్ళ మనిషి. అంతకు ముందు చాలా కాలం పేపరు ఏజెంటు. మా స్కూలు కాగితాలేవో పంపడానికి వెళ్ళినప్పుడు, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు పడే కిటుకు చూపించాడు. తెర మీద మొదటిసారి తెలుగు చూసినప్పుడు నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. భాయ్ నవ్వి, "గింతకే గిట్లయితే ఎట్ల టీచరమ్మా, బ్లాగు పెట్టుండ్రి, అప్పుడు చూడుండ్రి" అన్నాడు. ఆ రోజే పెట్టేశాం.

ఆదివారం ఆదివారం వెళ్ళి ఒక టపా రాసేదాన్ని. బ్లాగులవాళ్ళు పోస్టును టపా అనేవాళ్ళు, ఆ మాట నాకు నచ్చింది. పల్లికాయ ఒలుపుడు గురించి, మధ్యాహ్న భోజనంలో పిల్లలు పప్పు వడ్డించుకునే తీరు గురించి, మా ఊరి బస్సు రాని వానాకాలం గురించి రాశాను. ఎట్లా మొదలుపెట్టాలని ఒక్కసారీ ఆలోచించలేదు. నాకు తెలిసిన మొదలు ఒక్కటే. ప్రతి టపా తలలోనూ "మల్దకల్ తిమ్మప్ప దయవల్ల ఇక్కడ మేమందరం క్షేమం" ఉండేది.

చదివేవాళ్ళే లేరు. బ్లాగు కింద ఎంతమంది వచ్చారో చెప్పే అంకె ఒకటి ఉండేది. అది పెరిగితే నేనో, భాయో తెరిచినట్టు. పెద్దమందడి స్కూల్లో పనిచేసే నా స్నేహితురాలికి చెప్పాను గానీ ఆమెకు కంప్యూటరు ముట్టుకుంటేనే భయం. నేను మొహం మాడ్చుకుని కూర్చుంటే భాయ్ తన స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

"టీచరమ్మా, నేను పేపర్లు ఏసిన దినాలల్ల ఎవరన్న పేపరు కోసం ప్రెస్సుకు పోయిండ్రా? పొద్దుగాల్ల లేచెటాల్లకు పేపరే ఇంటి ముంగట పడేది. మీరేమో ప్రెస్సుల కూసొని జనం వస్తలేరంటున్నరు."

"మరేం చెయ్యాలి భాయ్?"

"ఫీడ్ అని ఉంటది. మీరు రాయంగనే అదే పోతది. తెలుగు బ్లాగులన్ని ఒక్కకాడ చూపెట్టే సైట్లున్నయి. ఆళ్ళకు మీ ఫీడ్ అడ్రస్ ఇయ్యాలె, అంతే."

నాకు సగమే అర్థమైంది. అయినా అటువంటి సైటు నడిపేవాళ్ళకు మర్యాదగా ఒక మెయిలు రాశాం. రెండు రోజుల్లో నా బ్లాగును చేర్చుకున్నామని జవాబు వచ్చింది. వాళ్ళెవరో నేనెవరో, పైసా అడగలేదు, పేరు అడగలేదు. ఆ సైటులో వరసగా కొత్త టపాల పేర్లు, ఒక్కోదాని కింద మొదటి రెండు లైన్లు కనిపించేవి. నచ్చితే నొక్కి లోపలికి వెళ్ళాలి. నా టపా అక్కడ కనిపించిన రోజు భాయ్ చాయ్ తెప్పించాడు.

సెట్టింగులలో ఒక ప్రశ్న ఉంది. ఫీడ్‌లో టపా మొత్తం పంపాలా, కొంచెమే పంపాలా అని. నేను కొంచెమే అని పెట్టాను. మా ఇంటికి రాకుండా మా వంట ఎట్లా తింటారని నా పట్టుదల. అందరూ బ్లాగుకే రావాలి, కింద ఆ అంకె పెరగాలి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు ఆ అంకె మీద నాకు చచ్చేంత మమకారం.

నెల గడిచినా అంకె అక్కడే ఉంది. అప్పుడు ఒక పెద్దమనిషి కామెంటు పెట్టాడు. "మీ ఫీడ్ చెడిపోయినట్టుంది, ప్రతి వారం అదే టపా మళ్ళీ మళ్ళీ వస్తోంది, సరిచేసుకోండి" అని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తిమ్మప్పను తలుచుకుంటే చెడిపోవడమా, మా పాలమూరు వాళ్ళం ఉత్తరం ఇట్లాగే రాస్తాం, మీకు చదివే ఓపిక లేకపోతే మానెయ్యండి అని నాలుగు లైన్లు గట్టిగా తగిలించాను. భాయ్ నా భుజం మీదుగా చదివి నుదురు కొట్టుకున్నాడు.

"ఆయన చెప్పింది నిజమే కద! జర లిస్టు చూడుండ్రి."

చూశాను. కిందికి జరుపుతూ పోతే అన్ని బ్లాగులూ తలా ఒక మాట చెబుతున్నాయి. నావి మాత్రం నాలుగు టపాలు, నాలుగింటి కిందా అవే రెండు లైన్లు. మేమందరం క్షేమం, మేమందరం క్షేమం, మేమందరం క్షేమం. అసలు సంగతి మూడో లైనులో ఉంది, అది లిస్టులోకి రాదు. టపా పేర్లు కూడా "ఒకటో ఉత్తరం, రెండో ఉత్తరం" అని పెట్టాను. ఎవరైనా ఎందుకు నొక్కుతారు? ఆ పెద్దమనిషికి తప్పయిందని రాశాను. ఆయన కోప్పడలేదు. పైగా అసలు విషయం ముందుకు తెచ్చుకోవాలని, టపాకు దాని సంగతి చెప్పే పేరు పెట్టాలని, ఫీడ్‌లో మొత్తం టపా పంపితే బ్లాగుకు రాకుండానే ఫీడ్ రీడర్లలో చదివేవాళ్ళకు వీలుగా ఉంటుందని ఓపికగా మూడు మెయిళ్ళు రాశాడు. నా నోటి దురుసుకు ఆయన ఇచ్చిన జవాబు అది. ఆయన్ను నేను ఎన్నడూ చూడలేదు గానీ, తలుచుకోని ఆదివారం లేదు.

ఆయన చెప్పినట్టే చేశాను. తిమ్మప్పను టపా చివరికి పంపాను. రెండు నెలల్లో ఎవరెవరో రావడం మొదలైంది. దుబాయ్ నుంచి ఒకాయన జొన్నరొట్టె చేసే తీరు అడిగాడు. ఒకామె తన చిన్నప్పటి బడి గుర్తొచ్చి ఏడ్చానని రాసింది. మరో రెండు సైట్లు నా ఫీడ్ తీసుకున్నాయి. మొత్తం టపా ఫీడ్‌లోనే చదివేవాళ్ళ వల్ల కింద అంకె పెద్దగా కదలలేదు, కానీ మనుషులు పలికారు. నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ఆ సంతోషంలోనే సెలవుల్లో ఊరికి వెళ్ళి గొప్పలు చెప్పుకున్నాను. నేను వనపర్తిలో రాస్తే దునియా అంతా చదువుతుందన్నాను. మా ఇంటి పక్కన ఉండే చిన్నమ్మ కూడా వింది. మాకు చుట్టం కాదు. కూలికి పోయి బతికే మనిషి. నేను పుట్టినప్పటి నుంచీ ఆమెను చిన్నమ్మ అనే పిలుస్తాను. ఆ మరుసటి ఆదివారం, ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారి, దారి అడుగుతూ అడుగుతూ భాయ్ సెంటరుకు వచ్చి నా పక్కన నిలబడింది.

"దునియ మొత్తం చదువుతరంటివి కద బిడ్డా. నా తమ్మునికి ఒక ఉత్తరం రాయి."

ఆ తమ్ముడి సంగతి ఊరందరికీ తెలుసు. తల్లి పోతే చిన్నమ్మే పెంచింది. మూడేళ్ళ కింద పల్లికాయ పంట చేతికొచ్చే సమయంలో, చిన్నమ్మ కౌలుకు తీసుకున్న చేనుకు అతణ్ణి కాపలా పెట్టింది. కల్లు తాగి పడుకున్నాడు. అడవిపందులు పడి చేనంతా తవ్విపోశాయి. పొద్దున్నే చేను చూసిన చిన్నమ్మ, "ఇంక నా గడప తొక్కకు" అంది. ఆ మధ్యాహ్నమే మేస్త్రీ లారీ ఎక్కి పూనా వెళ్ళిపోయాడు. ఆరు నెలలకు కిరాణా కొట్టుకు ఫోను చేసి అక్కను పిలవమన్నాడు. చిన్నమ్మ కోపం ఇంకా దిగలేదు. రానని చెప్పమంది. తర్వాత అతను ఆ మేస్త్రీని విడిచి ఇంకెవరితోనో పోయాడు. ఎక్కడున్నాడో మేస్త్రీకి తెలియదు. ఈలోపల సెల్‌ఫోన్లు వచ్చి కొట్టు ఆయన ఆ ఫోను తీసేశాడు. అతని దగ్గర ఉన్న నంబరు అదొక్కటే.

"రానని చెప్పిన మాటే ఆఖరి మాట అయితదేమో బిడ్డా," అంది చిన్నమ్మ. అది అంటున్నప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"చిన్నమ్మా, నీ తమ్మునికి చదువు రాదు కద, ఇది కంప్యూటరుల ఉంటది, ఎట్ల చదువుతడు?" అన్నాను.

ఆమె నన్ను తెలివి తక్కువ మనిషిని చూసినట్టు చూసింది. "ఉత్తరం ఎన్నడన్న వాడే చదువుకున్నడా? పక్కనోళ్ళు చదివి చెప్తరు. నువ్వు రాయి."

నేను కీబోర్డు ముందు కూర్చుని, విషయం ముందుకు రావాలి కాబట్టి, "మూడేళ్ళుగా తమ్ముడి కోసం ఎదురుచూస్తున్న అక్క" అని మొదలుపెట్టి చదివి వినిపించాను. చిన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"తిమ్మప్ప ఏడి?"

"ఆఖరుకు రాస్తున్న చిన్నమ్మా. గిట్ల రాస్తెనే జనం చదువుతరు."

"జనానికి కాదు బిడ్డా, నా తమ్మునికి. తిమ్మప్ప పేరు లేకుంటే అది అక్క రాసిందని వానికెట్ల తెలుస్తది?"

చేసేది లేక పాత పద్ధతిలో మొదలుపెట్టాను. మల్దకల్ తిమ్మప్ప దయవల్ల ఇక్కడ మేమందరం క్షేమం. మళ్ళీ ఆపింది. "అందరం అని ఎట్ల రాస్తవు? వాడు లేకపాయె. ఉత్తగ క్షేమం అని రాయి." చావు ఇంట్లో కూడా అందరం క్షేమమని రాయించిన ఊరు మాది. "మేమందరం" చెరిపి "మేము" అని కొట్టాను.

మిగిలింది ఆమె చెప్పినట్టే రాశాను. ఒక్కో మాట చెప్పి, నేను కొట్టేదాకా ఆగి, మళ్ళీ చెప్పేది. ఎన్నో ఏళ్ళ కింద మా అరుగు మీద కూడా ఇట్లాగే ఆగేది. పందులు తిన్న పల్లికాయ మళ్ళీ పండిందని, నీకు ఇష్టమైన సజ్జరొట్టె చేసినప్పుడల్లా ముద్ద దిగడం లేదని, ఫోనుకు రాకపోవడం తన తప్పేనని. ఊరి పేరు రాశాను. టపాకు పేరు కూడా ఆమే పెట్టింది, "తమ్మునికి ఉత్తరం" అని.

ఎవరూ చదవలేదు. భాయ్ చెప్పాడని మరుసటి వారం నా పద్ధతిలో ఇంకో టపా రాశాను. పూనాలో తప్పిపోయిన తమ్ముడి సంగతి పేరులోనే కనిపించేట్టు పెట్టాను. దాన్ని విరగబడి చదివారు. అంతకు ముందు ఎన్నడూ రానన్ని కామెంట్లు వచ్చాయి. కంటనీరు ఆగలేదని ఒకరు, మీ శైలి బాగుందని ఒకరు, పాలమూరు వలసల మీద వాదించుకుంటూ ఇద్దరు. అతణ్ణి చూశానన్నవాళ్ళు ఒక్కరు లేరు. శైలి బాగుందన్న కామెంటు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. చిన్నమ్మ మళ్ళీ వచ్చి, "జవాబొచ్చిందా?" అంది. వచ్చిన కామెంట్లన్నీ చదివి వినిపించాను. అన్నీ విని, "మంచోళ్ళే పాపం" అని కొంగు సర్దుకుని బస్టాండుకు వెళ్ళిపోయింది.

మూడో వారమో నాలుగో వారమో స్కూలుకే భాయ్ ఫోను వచ్చింది. "టీచరమ్మా, తమ్మునికి రాసిన ఉత్తరానికి కామెంటొచ్చింది. జల్ది రాండ్రి." పీరియడ్ ఇంకొకరికి అప్పజెప్పి పరుగెత్తాను.

అజ్ఞాత అన్న పేరుతో ఉంది. "అమ్మా, నేను పూనా దగ్గర ఒక కట్టుబడి సైట్‌లో ఇంజనీరుని. బ్లాగులు పెద్దగా చదవను. మధ్యాహ్నం తెలుగు కనిపిస్తుందని ఆ లిస్టు తెరిచి పైపైన చూస్తుంటాను. కొత్త టపాలు అయిపోయి పాతవాటిలోకి దిగితే మల్దకల్ తిమ్మప్ప అన్న మాట కనిపించింది. మా దగ్గర ఒకతను రోజూ పొద్దున తాపీ పట్టుకునే ముందు అదే పేరు తలుచుకుంటాడు. ఏ ఊరని అడిగితే చెప్పడు. అనుమానం వచ్చి మీ ఉత్తరం అచ్చు వేసి తీసుకెళ్ళి చదివాను. మొదటి లైను వినగానే ఇసుక కుప్ప మీద కూర్చుండిపోయాడు. రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ కాగితం తిరిగి ఇవ్వడం లేదు. మీ నంబరు పంపండి."

అతణ్ణి చేరింది వేలమంది చదివిన టపా కాదు. ఎవరూ నొక్కని టపా, లిస్టులో కిందికి పోయిన ఆ రెండు లైన్లు. నేను పనికిరావని తీసేసినవి, చిన్నమ్మ పట్టుబట్టి పెట్టించినవి. నేను భాయ్ టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. భాయ్ కూడా అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఆ ఆదివారం పదకొండు గంటలకు భాయ్ సెంటరు ఫోనుకు చేయిస్తానన్నాడు ఇంజనీరు. చిన్నమ్మ పొద్దున ఎనిమిదింటికే వచ్చి కూర్చుంది. ఫోను మోగగానే భాయ్ అందరికీ వినబడే బటన్ నొక్కాడు. చిన్నమ్మ తల మీద కొంగు కప్పుకుని, నిటారుగా కూర్చుని, ఎవరో రాసుకుంటున్నట్టు ఆగి ఆగి మొదలుపెట్టింది.

"మల్దకల్ తిమ్మప్ప దయవల్ల... ఇక్కడ మేము క్షేమం... అక్కడ నువ్వు..."

"అక్కా," అన్నాడు అవతల. "మళ్ళ మళ్ళ ఫోను చేసిన. మోగుతనే ఉండె, ఎవ్వరు ఎత్తకపోయిరి. నువ్వే ఎత్తొద్దన్నవనుకున్న."

"ఫోను తీసేసిండ్రు తమ్మీ. నేను అనలే. నేను అనలే." ఆమె అదే మాట ఎన్నిసార్లు అన్నదో.

పది రోజులకు అతను రాయచూరులో రైలు దిగి, గద్వాల మీదుగా ఊరికి వచ్చాడు. నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. చేతిలో సంచి, చొక్కా జేబులో మడతలు పడిన కాగితం. ఇంటి ముందు చెప్పులు విడిచాడు గానీ లోపలికి రాలేదు. గడప ఇవతల తల వంచుకుని అట్లాగే నిలబడ్డాడు. చిన్నమ్మ పొయ్యి ముందు నుంచి చూసింది. మూడేళ్ళ కింద తానన్న మాట ఆమెకు గుర్తుంది, అతనికీ గుర్తుంది. రా అని పిలవలేదు. సజ్జపిండి చేతులతోనే లేచి, తనే గడప దాటి బయటికి వచ్చి, అతని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

ఆ ఇంజనీరు పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత అడిగినా, "నేను చదివి వినిపించానంతే" అని రాశాడు. నా ఫీడ్‌ను ఊరికే మోసుకుపోయిన సైటువాళ్ళకు, నా కోపాన్ని ఓర్చుకుని దారి చూపిన పెద్దమనిషికి, స్టూలు దగ్గరికి జరుపుకున్న భాయ్‌కి, ఈ పేరు తెలియని మనిషికి నేను రుణపడి ఉన్నాను. ఆ రుణం తీర్చాలని కూడా నాకు లేదు.

నేను బయలుదేరుతుంటే చిన్నమ్మ కొంగులో రెండు రొట్టెలు మూటగట్టి తెచ్చింది. బస్సు దాకా సాగనంపుతూ అంది:

"బిడ్డా, అప్పుడు ఒక మాట తీసేయించిన కద. ఈ ఆదివారం రాసెటప్పుడు మళ్ళ పెట్టు. అందరం క్షేమం అని రాయి."